వంచే పనికి ఏ అల్యూమినియం, చెక్కే పనికి ఏది? 5052, 6061 మధ్య ఏది మేలు

అల్యూమినియం రేకు అనగానే చాలామంది 6061 అనే రకం కావాలంటారు, అది గట్టిదని ఎక్కడో విని ఉంటారు. నేనూ అలాగే తెచ్చుకున్నాను. 3 మిల్లీమీటర్ల ముక్కని వైస్‌లో బిగించి బ్రాకెట్ కోసం ఎల్ ఆకారంలో వంచుతుంటే, సగం దాటాక టిక్కుమని చిన్న చప్పుడు. తిప్పి చూస్తే వంపు బయటివైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి బీట. రేకు నాసిరకమని తిట్టుకున్నాను గానీ తప్పు నాదే, 6061 పక్కనే టి6 అని రాసి ఉంటే పట్టించుకోలేదు.

ముందున్న నాలుగంకెలు అందులో ఏం కలిపారో చెబుతాయి, వెనక ఉన్నది తర్వాత దాన్ని ఏం చేశారో చెబుతుంది. ఈ రెండోదాన్నే టెంపర్ అంటారు. 5052లో ముఖ్యంగా మెగ్నీషియం, సుమారు 2.5 శాతం. 6061లో మెగ్నీషియంతో పాటు సిలికాన్ కూడా ఉంటుంది, అందుకే దాన్ని వేడితో గట్టిపరచొచ్చు: 530 డిగ్రీల దగ్గర కాచి, గబుక్కున చల్లార్చి, మళ్లీ 170 డిగ్రీల ప్రాంతంలో గంటలకొద్దీ ఉంచితే టి6. 5052కి ఆ కిటుకు పనిచేయదు, చల్లగా ఉండగానే రోలర్ల మధ్య నొక్కి గట్టిపరుస్తారు, హెచ్32లో హెచ్ అంటే అదే. (కాచి చల్లార్చిన అల్యూమినియం ఊరికే ఉంచినా కొన్ని రోజులకు గట్టిపడుతుందని 1900ల మొదట్లో జర్మన్ లోహ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్ గమనించాడు, ఆయన వాడినది రాగి కలిపిన రకం.)

బలంలో 6061దే పైచేయి. శాశ్వతంగా వంగిపోవడానికి ముందు టి6 సుమారు 276 మెగాపాస్కల్స్ తట్టుకుంటుంది, 5052 హెచ్32 193 దగ్గరే ఆగిపోతుంది. కానీ చాలామంది పొరబడేది ఇక్కడే. అరపలక మధ్యలో కుంగుతోందని 5052 తీసేసి అదే మందంలో 6061 వేస్తే ఏమీ మారదు, ఎందుకంటే బరువు పెట్టినప్పుడు ఎంత సాగుతుందనేది అన్ని అల్యూమినియం రకాల్లోనూ దాదాపు ఒకటే, 70 గిగాపాస్కల్స్ అటూ ఇటూగా. కుంగడం తగ్గాలంటే మందం పెంచండి, రెట్టింపు చేస్తే ఎనిమిదో వంతుకి పడిపోతుంది. లేదా అంచు మడవండి, అదే చవక.

మడవాలంటే 5052నే తీసుకోండి, ఇందులో నాకు రెండో మాట లేదు. లోపలి వంపు ఇంచుమించు రేకు మందమంత ఉన్నా ఒప్పుకుంటుంది. 6061 టి6కి మందానికి మూడు నాలుగు రెట్లు ఇచ్చినా గుండె దడే. తుప్పు విషయంలోనూ, ముఖ్యంగా ఉప్పునీటి దగ్గర, 5052 మెరుగు.

చెక్కడానికి మాత్రం 5052 పెద్ద తలనొప్పి. బిట్‌కి జిగురులా అతుక్కుంటుంది, ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) కొడుతుంటే మరల్లో రజను ఇరుక్కుంటుంది. 6061 టి6 పొడిపొడిగా తెగుతుంది.

వెల్డింగ్‌కి రెండూ పనికొస్తాయి గానీ అతుకు పక్కన రెండూ మెత్తబడతాయి. టి6 కోసం పెట్టిన డబ్బులో చాలావరకు అక్కడే కరిగిపోయినట్టు. తర్వాత ఆనోడైజ్ (కరెంటుతో పైన గట్టి ఆక్సైడ్ పొర ఎక్కించడం) చేయించే పని ఉంటే అతుకులో కరిగించి నింపడానికి 5356 రకం తీగ వాడండి, 4043తో వేసిన అతుకు నల్లగా మచ్చలా కనబడుతుంది.

కిటికీ ఫ్రేముల్లాంటి పొడవాటి సెక్షన్లు కావాలంటే ఈ గొడవే వద్దు, 6063 చూడండి, బలం 6061 అంత ఉండదు గానీ నునుపు దానిదే.

నా బ్రాకెట్ సంగతంటారా, 5052తో మళ్లీ చేశాను, మొదటిసారే చక్కగా వంగింది. బీటవారిన 6061ని వంపు దగ్గర కోసేసి, చదునుగా మిగిలిన ముక్కకి ఎం5 ట్యాప్ కొడితే మరలు అద్దంలా వచ్చాయి.