గడ్డికి డబ్బు సులువుగా వచ్చింది, దూడలకి రాలేదు: అమెరికాలో పశువుల విపత్తు సాయంతో మా అనుభవం

టెక్సాస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో మాకు 42 ఆవులు ఉన్నాయి. సొంత భూమి కొంచెమే, మిగతా పచ్చికంతా కౌలుకి తీసుకున్నది. ప్రభుత్వ విపత్తు సాయానికి ఇప్పటిదాకా రెండుసార్లు దరఖాస్తు పెట్టాం. మొదటిది 2022 కరువుకి, రెండోది 2024 జనవరి చలిలో చనిపోయిన దూడలకి. రెండు కాగితాలూ వ్యవసాయ శాఖ స్థానిక ఆఫీసులో ఒకే కౌంటర్‌లో ఇచ్చాం కానీ అనుభవం మాత్రం పూర్తిగా వేరు.

కరువు సాయాన్ని ఇక్కడ అందరూ ఎల్‌ఎఫ్‌పీ అంటారు. దానికి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. మన గడ్డి ఎంత ఎండిందో చూడటానికి ఎవరూ రారు. కరువు తీవ్రతని రంగుల్లో చూపిస్తూ ప్రతి గురువారం వచ్చే డ్రౌట్ మానిటర్ మ్యాప్‌లో మన కౌంటీ (జిల్లా లాంటిది) రంగు ఏమిటన్నదే లెక్క. మేత కాలంలో డి4, అంటే అన్నిటికన్నా తీవ్రమైన కరువు, నాలుగు వారాలు ఉంటే ఐదు నెలల చెల్లింపు వస్తుంది. మాకు అలాగే వచ్చింది. ఊళ్లో మామయ్యకి ఫోన్‌లో చెబితే "నష్టం రాసుకోవడానికి ఎవరూ రాలేదా?" అని రెండుసార్లు అడిగారు. ఎవరినీ బతిమాలే పని లేకపోవడం నాకు నిజంగా గౌరవంగా అనిపించింది.

అయితే ఒక నెల చెల్లింపు అంటే ఆ నెల మేత ఖర్చులో 60 శాతమే. అదీ మన పశువుల లెక్కన ఒకసారి, మన పచ్చిక ఎన్ని పశువుల్ని మేపగలదన్న లెక్కన ఒకసారి చూసి, ఏది తక్కువైతే అది ఇస్తారు. ఆ ఏడాది మేం కొన్న గడ్డి బేళ్ల బిల్లు ముందు అది చిన్న మొత్తమే. పైగా మా కౌలు ఒకటి నోటిమాట మీద నడుస్తోంది. భూమి యజమానితో కాగితం రాయించి సంతకం పెట్టించేసరికి మూడు వారాలు పట్టింది, అంతసేపూ టెన్షనే. 2025 జూలైలో వచ్చిన చట్టం ఒక మంచి పని చేసింది. డి2 కరువు (డి4 కన్నా రెండు మెట్లు తక్కువ) వరుసగా ఎనిమిది వారాలు ఉండాలన్న పాత నిబంధనను నాలుగు వారాలకు తగ్గించింది.

దూడలకి ఇచ్చే సాయం పేరు ఎల్‌ఐపీ. దీనికి రెండే ఇస్తాను. గడ్డి విషయంలో మ్యాప్ మన తరఫున మాట్లాడింది. చచ్చిన దూడ విషయంలో రుజువు మనమే చూపించాలి. ఆ చలిలో తొమ్మిది దూడలు పోయాయి. వేళ్లు కదలని చలిలో, చెవి ట్యాగు కనబడేలా ఏడింటికి ఫోటోలు తీశాను. మిగతా రెండూ వాగు పక్కన దొరికేసరికి కొయోట్‌లు (నక్కల్లాంటి జంతువులు) ఫోటోకి పనికొచ్చేంత మిగల్చలేదు, రుజువు లేక ఆ రెండూ లెక్కలోకి రాలేదు. ఏడాదిలో మామూలుగా పోయే పశువులు ఇన్ని అని ఒక లెక్క ఉంది, దాని కింద మరో రెండు తీసేశారు. మిగిలిన ఐదింటికి మార్కెట్ ధరలో 75 శాతం వచ్చింది. తొమ్మిది పోతే నాలుగు దూడల ఖరీదు కూడా చేతికి రాలేదు.

మామూలు మరణాలు తీసేయడం న్యాయమే, దాంతో నాకు పేచీ లేదు. నన్ను బాధపెట్టింది ఆ వాగు పక్కన రెండు దూడలు. సరైన రుజువు లేనప్పుడు, మన కుటుంబమూ పనివాళ్లూ కాని, సంగతి స్వయంగా తెలిసిన మనిషి సంతకం పెట్టి చెప్పినా పరిగణనలోకి తీసుకుంటారట. ఆ మర్నాడే మా పక్క రాంచ్ (పశువుల ఫారం) ఆయన ట్రాక్టర్ వేసుకుని వచ్చి వాటిని నాతో పాటు చూశారు. ఆయన సంతకం అడిగితే సరిపోయేది. కౌంటర్‌లో ఆ మాట ఎవరూ చెప్పలేదు, డబ్బు వచ్చేశాక వేరే రాంచర్ దగ్గర విన్నాను.

దరఖాస్తుకి ఏడాది ముగిశాక 60 రోజుల వరకు గడువు ఉంది కదా అని ఆగకండి. నష్టం జరిగిన రోజే పక్కవాళ్లని పిలిచి చూపించండి, దూడలు పుట్టినప్పుడే ట్యాగు నంబర్లు పుస్తకంలో రాసుకోండి. మా పుస్తకం ఇప్పుడు పికప్ డాష్‌బోర్డు మీదే ఉంటోంది.