లేజర్ వివర్తన కిట్: పేచీ అంతా చీలిక దగ్గరే

సన్నని చీలికలోంచి వెళ్లిన వెలుగు పక్కలకు విచ్చుకుని తెర మీద వెలుగు పట్టీలు, నల్ల పట్టీలుగా పడటమే వివర్తన. దాన్ని చూపడానికి డిగ్రీ ఫిజిక్స్ ల్యాబులకు అమ్మే ఈ సెట్‌లో ఎర్ర డయోడ్ లేజర్, స్క్రూ తిప్పి వెడల్పు మార్చుకునే చీలిక, మీటరు బెంచి, తెర ఉంటాయి. బెంచి గట్టిది, కదలదు. లేజర్ కూడా బాగానే ఉంది. కానీ ఈ ప్రయోగానికి ప్రాణం చీలిక, తయారీలో అశ్రద్ధ కనిపించేదీ అక్కడే.

స్క్రూ కనీసపు కొలత 0.01 మి.మీ. చీలికను 0.1 మి.మీ. తెరిస్తే ఒక్క గీత తేడాకే పది శాతం తప్పు. పైగా శూన్యాంశ దోషం, అంటే చీలిక మూసుకున్నా స్క్రూ సున్నా చూపకపోవడం. వెలుగు పూర్తిగా ఆగిపోయే చోట రీడింగ్ రాసుకుని, ప్రతి కొలతలోంచీ దాన్ని తీసేయాలి. ఆ తర్వాత కూడా స్క్రూ బిగిస్తే చీలికకు రెండు పక్కలా ఉండే బ్లేడ్ల అంచులు దెబ్బతింటాయి, మళ్లీ సరికావు. ఎప్పుడూ తెరిచే వైపుకే తిప్పుతూ రీడింగ్ తీయండి. లేకపోతే మరలోని వదులు లెక్కలోకి చేరుతుంది.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. పట్టీలు కిందా పైనా ఒకే ఎడంలో ఉన్నాయా? విసనకర్రలా విచ్చుకుంటే బ్లేడ్లు సమాంతరంగా లేవని అర్థం. ఆ చీలిక వద్దని వెనక్కి ఇచ్చేయండి. పట్టీల మధ్య గీతలూ మరకలూ కనిపిస్తే మాత్రం అది దుమ్ము. గాలి బుడ్డితో ఊదాలి, గుడ్డ పెట్టకూడదు.

చీలిక 0.1 మి.మీ. తెరిచి, తెర మీటరు దూరంలో ఉంటే నడిమి వెలుగు వెడల్పు 13 మి.మీ. మాత్రమే. గోడకు గ్రాఫ్ కాగితం అంటించి 2 మీటర్లకు జరిపితే 26 మి.మీ. అవుతుంది, కొలవడం సుఖం. వెలుగు అంచును కొలవకండి, కంటికి అది గదిలోని వెలుతురును బట్టి మారుతుంది. నల్ల పట్టీల నడుములకు పెన్సిల్ చుక్కలు పెట్టి, ఎడమ మూడోదాని నుంచి కుడి మూడోదాని దాకా కొలిచి ఆరుతో భాగించండి (నడిమి వెలుగు రెండు ఎడాలంత). 78 మి.మీ. వస్తే ఒక్కో ఎడం 13.

లేజర్ మీద 650 నానోమీటర్లు అని ఉన్నా నమ్మి ఊరుకోవద్దు, డయోడ్లలో తేడాలుంటాయి. అంగుళానికి 15,000 గీతల గ్రేటింగ్ (దగ్గర దగ్గరగా సన్నని గీతలున్న పలక) ల్యాబులో ఉంటే, తరంగదైర్ఘ్యం నిజంగా 650 అయితే, 50 సెం.మీ. దూరంలో మొదటి చుక్క నడిమికి 20.8 సెం.మీ. పక్కన పడాలి.

స్థిరమైన వెడల్పు చీలికలున్న గాజు స్లైడు ఈ సెట్‌లో లేదు. అది విడిగా కొని తీరాలి. స్క్రూ చెప్పే కొలత నిజమో కాదో తేల్చేది అదే.