చెత్త కేంద్రాలపై అదుపు: స్థల నియంత్రణా, నిర్వహణ లైసెన్సా?

ఘన వ్యర్థాల కేంద్రాన్ని అదుపులో ఉంచడానికి స్థానిక సంస్థకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి: అది ఎక్కడ రావచ్చో భూవినియోగ నిబంధనలతో ముందే నిర్ణయించడం, లేదా వచ్చాక ఎలా నడవాలో షరతులతో కూడిన లైసెన్సు ద్వారా శాసించడం.

స్థల నియంత్రణ బలం దాని తొలి నిర్ణయంలోనే ఉంది. బావులకు, ఇళ్లకు, ముంపు ప్రాంతాలకు దగ్గరగా ఒకసారి వెలసిన డంపింగ్ యార్డును తరలించడం దాదాపు అసాధ్యం. అయితే అనుమతి ఇచ్చాక ఈ అధికారం చాలావరకు నిర్వీర్యమవుతుంది. పైగా గొంతు లేని పేద వాడల వైపే యార్డులను నెట్టే ప్రమాదం ఇందులో ఎక్కువ, ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది.

లైసెన్సు పద్ధతి రోజువారీ పనిలోకి దిగుతుంది. చెత్తపై ప్రతిరోజూ మట్టి కప్పడం, అడుగు నుంచి ఊరే కలుషిత ద్రవాన్ని సేకరించడం, చెత్త కుళ్లి పుట్టే మీథేన్ వాయువు స్థాయిని కొలవడం, చుట్టుపక్కల భూగర్భజలాన్ని పరీక్షించడం వంటివన్నీ షరతులు కాగలవు. అమెరికా సమాఖ్య నిబంధనలు రోజూ కప్పే మట్టి పొర సుమారు 15 సెంటీమీటర్లు ఉండాలని, మూసివేత తర్వాత సాధారణంగా 30 ఏళ్లు సంరక్షణ కొనసాగాలని కోరుతాయి. అంత కాలానికి అయ్యే ఖర్చుకు యజమాని నుంచి ముందే ఆర్థిక హామీ తీసుకోవడం అన్నిటికన్నా విలువైన షరతని నా అభిప్రాయం.

కానీ తనిఖీ సిబ్బంది లేని చోట లైసెన్సు కాగితంగానే మిగులుతుంది. కేంద్రాన్ని స్థానిక సంస్థే నడుపుతుంటే, తనను తానే తనిఖీ చేసుకోవలసిన చిక్కూ ఉంది. అక్కడ పర్యవేక్షణను పైస్థాయి సంస్థకు అప్పగించాలి. సిబ్బంది కొరవడిన చిన్న సంస్థలు ముందుగా స్థల నియంత్రణనే పకడ్బందీగా రూపొందించుకోవడం మేలు.