ఈటె వంగినా రంగు ఊడలేదు: మెత్తని ప్లాస్టిక్ బొమ్మల మీద బంపర్ స్ప్రే

మెత్తని ప్లాస్టిక్ సైనికులకు రంగు వేసేవాళ్ల అసలు తిప్పలు రంగు ఆరాక మొదలవుతాయి. 1/72 కొలత (అసలు మనిషిలో 72వ వంతు) బొమ్మ చేతిలోని తుపాకీకి వేలు తగిలితే చాలు, మొన దగ్గర పెచ్చు లేస్తుంది. ముఖం, బెల్టు, గుండీలు ఎంత ఓపికగా దిద్దినా చూసేవాళ్ల కన్ను ముందు ఆ బోసి మొన మీదే పడుతుంది. కార్ల ప్లాస్టిక్ బంపర్లకు రంగు వేసేముందు కొట్టే అడ్హీషన్ ప్రమోటర్ (రంగుకు పట్టునిచ్చే అడుగు పూత) స్ప్రేని ఈ బొమ్మల మీద వాడటం మొదలుపెట్టి చాలాకాలమైంది. పెచ్చుల బెడద దాంతో దాదాపు పోయింది. ఆ ఒక్క సంగతికే దాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే అనిపిస్తుంది నాకు.

ఈ బొమ్మలు ఎక్కువగా పాలిఎథిలీన్‌తో చేస్తారు. ముక్కలు అతికించి కట్టే మామూలు మోడల్ కిట్లలోని పాలిస్టైరీన్‌ను రంగులోని ద్రావకం కాస్త కొరుకుతుంది కాబట్టి పూతకు పట్టు దొరుకుతుంది. పాలిఎథిలీన్ ఆ ద్రావకాలకు లొంగదు. దాని ఉపరితల శక్తి (ఇది తక్కువైతే పైన పడినది పరుచుకోదు) మీటరుకు సుమారు 31 మిల్లీన్యూటన్లే. నీళ్లు కూడా దాని మీద పరుచుకోకుండా బొట్లు కడతాయి. గరుకు కాగితంతో రుద్దితే నునుపు పోవడానికి బదులు నూగు లేస్తుంది. ప్రమోటర్‌లో ఉండేది క్లోరిన్ కలిపిన పాలిఒలిఫిన్ (పాలిఎథిలీన్, పాలిప్రొపిలీన్‌ల కుటుంబం పేరు ఇది). అది ఇటు ప్లాస్టిక్‌ను, అటు పైన వేసే రంగును రెండింటినీ పట్టుకుంటుంది. నిజానికి బంపర్లు పాలిప్రొపిలీన్ జాతివి, ఈ స్ప్రే తయారైందీ వాటికోసమే. పాలిఎథిలీన్ మీద అంత గట్టి పట్టు రాదు. అయినా బొమ్మల అవసరానికి సరిపోతోంది.

ఎంత సరిపోతోందో ఇల్లు మారినప్పుడు తెలిసింది. ఈటెలు పట్టిన గుర్రపు రౌతుల పెట్టె ఒకటి సామాన్ల అడుగున, బరువైన పుస్తకాల కింద పడిపోయింది. దాన్ని విప్పడం కుదిరేసరికి నెలలు గడిచాయి. మూత తీసి చూస్తే ఒక్క ఈటె కూడా తిన్నగా లేదు. కొన్ని కొక్కేల్లా వంగి గుర్రం మెడకు చుట్టుకున్నాయి. అదే పెట్టెలో ప్రమోటర్ లేకుండా, ఉత్త ప్రైమర్ (రంగుకు ముందు వేసే మామూలు అడుగు పూత) మీద రంగు వేసిన పాత రౌతులూ ఉన్నారు. వాళ్ల ఈటెల మీది రంగంతా పెట్టె అడుగున పొట్టులా రాలి ఉంది. ప్రమోటర్ కొట్టినవి మాత్రం వంపు దగ్గర కూడా రంగు వదల్లేదు.

వంగినవాటిని సరిచేయాలంటే వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక వేళ్లతో సాగదీసి, వెంటనే చన్నీళ్లలో పెట్టాలి. ఈ దెబ్బకు మిగిలిన రంగు కూడా పోతుందనే అనుకున్నాను. పోలేదు. టేప్ అంటించి లాగి చూశాను, అప్పుడూ రాలేదు. అక్రిలిక్ రంగు వేసిన ఈటెలు ఎప్పటిలాగే నిలబడ్డాయి.

భూతద్దం పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఎనామిల్ (నూనె రకం రంగు) వేసిన ఈటెల్లో, వంపు ఉన్నచోట వెంట్రుకవాసి పగుళ్లున్నాయి. రంగు రాలలేదు గానీ బీటలు వారింది. ఎనామిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెలల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. కింద ఎంత పట్టు ఉన్నా, పైపొర తనంతట తాను వంగలేకపోతే చిట్లుతుంది. అప్పటిదాకా అడిగినవాళ్లందరికీ ‘ఇది కొడితే చాలు’ అని చెబుతూ వచ్చాను. ఇప్పుడు ‘ఇది కొట్టి, పైన అక్రిలిక్ వేయండి’ అంటున్నాను.

వాడే పద్ధతిలో పెద్ద రహస్యం లేదు. బొమ్మల్ని ముందు గిన్నెలు తోమే సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో కడగాలి. అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోకపోతే ఏ స్ప్రే కొట్టినా దండగే. తర్వాత మంచు పట్టినంత పలచగా కొట్టాలి. ఎక్కువైతే వేళ్ల మధ్య, బట్టల మడతల్లో నిండి బొమ్మలోని సన్నని చెక్కుడు మొద్దుబారుతుంది. స్ప్రే కొట్టాక ఎంతసేపట్లో రంగు వేయాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ గడువు దాటకముందే వేయాలి. రేపు చూద్దాంలే అని పక్కన పెడితే పట్టు తగ్గిపోతుంది. వాసన మాత్రం ఘోరం. జైలీన్‌లాంటి ద్రావకాలు ఉంటాయి కాబట్టి ఆరుబయట, ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకునే కొట్టాలి. గది తలుపులు మూసుకుని కొట్టే వస్తువు కాదిది. ఆ ద్రావకాలకే పాలిస్టైరీన్ అంటే గిట్టదు. బొమ్మతోపాటు కిట్ భాగం ఏదైనా ఉంటే, స్ప్రే మందంగా పడినచోట దాని మీద సన్నని గీతలు లేస్తాయి.

ట్యాంకు మోడళ్ల ట్రాకుల (చక్రాల చుట్టూ ఉండే పట్టీల) దగ్గర నా మెప్పు ఇంకొంచెం తగ్గుతుంది. రబ్బరులా సాగే వినైల్ ట్రాకులు పీవీసీవి. వాటిని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ మెల్లగా పైకి ఊరుతూ ఉంటుంది. దాంతో ఎనామిల్ పూత జిగురుగా మారుతుంది. అలమరలో పెట్టిన ట్యాంకు ట్రాకును ఎప్పుడో ముట్టుకుంటే వేలిముద్ర పడింది, దుమ్మంతా దానికే అంటుకుని ఉంది. ప్రమోటర్ ఆ ఊటను ఆపలేదు. అది దాని పని కూడా కాదు. ఇలాంటివాటికి అక్రిలిక్ పాలియురెథేన్ ప్రైమరే నయం. అది కూడా ఆరాక గరుకు కాగితం తగలనివ్వొద్దు, రేకులా లేచి వస్తుంది.

మీ దగ్గరున్నది ఏ ప్లాస్టికో తెలియకపోతే బొమ్మలు అతుక్కుని వచ్చే ఫ్రేమ్ ముక్క ఒకటి కత్తిరించి, సబ్బు చుక్క కలిపిన నీళ్లలో ముంచి వదలండి. తేలితే పాలిఎథిలీన్ గానీ పాలిప్రొపిలీన్ గానీ అయి ఉంటుంది. పీవీసీ, పాలిస్టైరీన్ మునుగుతాయి. తేలేవాటికే నేనీ డబ్బా తీస్తాను.

నా బొమ్మలు ఆటబల్ల మీద చేతులు మారుతుంటాయి, పైగా నాకు ఈటెల రౌతులంటే ఇష్టం. అందుకే ఆ వాసన భరిస్తున్నాను. బొమ్మల్ని అద్దాల బీరువాలో పెట్టి మళ్లీ ముట్టుకోనివాళ్లకు సబ్బుతో కడగడం, మంచి అక్రిలిక్ ప్రైమర్ చాలనుకుంటాను. ట్యాంకులు మాత్రమే కట్టేవాళ్లయితే ఈ డబ్బా మీద డబ్బు పెట్టకండి.