జీ ప్యాకెట్ మీద నా కోపం సగమే తగ్గింది

కంప్యూటర్‌ను అనుకరించే క్యూఎమ్యూ (QEMU) అనే సాఫ్ట్‌వేర్‌లో లినక్స్ కెర్నల్‌ను నడుపుతూ, పక్క టెర్మినల్‌లో తప్పులు వెతికే డీబగ్గర్ జీడీబీ (GDB)తో దాన్ని పట్టుకుని చూడటం నాకు ఏళ్ల నాటి అలవాటు. నా పేచీ అంతా ఆ రెంటి మధ్య నడిచే జీ ప్యాకెట్ అనే సందేశంతోనే.

రిజిస్టర్లలో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ అరల్లో ఉన్న విలువలన్నీ ఒకేసారి ఇమ్మని క్యూఎమ్యూను జీడీబీ అడిగేది దీంతోనే. జవాబులో పేర్లుండవు, వరసగా హెక్స్ అంకెలే. మొదటి జవాబు చిన్నదిగా వస్తే, ఇక ఎప్పుడూ అంతే వస్తుందని జీడీబీ నమ్మేస్తుంది. ఒకసారి బూట్ కోడ్‌లో పేజ్ టేబుల్స్ (మెమరీ చిరునామాల పట్టికలు) పెట్టే చోట తప్పు వెతుకుతున్నా. ప్రాసెసర్ 32 బిట్లలో ఉన్నంతసేపూ బాగానే నడిచింది. లాంగ్ మోడ్‌లోకి, అంటే 64 బిట్లలోకి దూకగానే, జవాబు మరీ పొడుగ్గా ఉందంటూ జీడీబీ మొరాయించింది. 308 బైట్లు అనుకుంటే 536 వచ్చాయట! నా కోడే స్టాక్‌ను పాడుచేసిందనుకుని సాయంత్రమంతా దాన్నే తిరగేశాను. తీరా చూస్తే నా తప్పేం లేదు. డిస్కనెక్ట్ చేసి, జీడీబీలో ఆర్కిటెక్చర్‌ను (ప్రాసెసర్ రకాన్ని) 64 బిట్లకు మార్చి మళ్లీ కలిపితే, ఏమీ జరగనట్టు పనిచేసింది. ఒళ్లు మండిపోయింది.

కొత్త క్యూఎమ్యూ తన రిజిస్టర్ల పట్టికను ఎక్స్ఎంఎల్‌లో ముందే పంపుతుంది. ఆ గొడవ పోయింది. పైగా జవాబు 608 బైట్లకు పెరిగి, సీఆర్3 (పేజ్ టేబుల్ ఎక్కడుందో చెప్పేది), ఈఫర్ (లాంగ్ మోడ్‌ను ఆన్ చేసేది) లాంటి తొమ్మిది రిజిస్టర్లు అదనంగా వచ్చాయి. అంతకుముందు సీఆర్3 చూడాలంటే క్యూఎమ్యూ మానిటర్ కమాండ్ కొట్టి, ఆ చాంతాడంత అవుట్‌పుట్‌లో వెతుక్కునేవాణ్ని. ఇప్పుడు నేరుగా ప్రింట్ చేస్తున్నా. ఆ సంబరంలోనే ఒక మిత్రుడికి "కళ్లు మూసుకుని కొత్తది వేసుకో" అని చెప్పేశాను.

ఆ మాట కాస్త సవరించుకోవాలి. కొత్తది మొదటి క్షణం నుంచే తాను 64 బిట్లని చెప్పుకుంటుంది. దాంతో రియల్ మోడ్‌లోని, అంటే ప్రాసెసర్ మొదలయ్యే దశలోని 16 బిట్ల కోడ్‌ను జీడీబీ 64 బిట్లనుకుని తప్పుగా విడమరుస్తుంది. జీడీబీని 16 బిట్ల ఐ8086 ఆర్కిటెక్చర్‌కు మార్చబోతే, అవతలి ఆర్కిటెక్చర్‌తో పొసగదని వార్నింగ్. పాతది ఈ మాట వినేది! చివరికి చేత్తో రాసిన ఎక్స్ఎంఎల్ ఫైల్‌ను జీడీబీకి ఇచ్చి గట్టెక్కాను. ఇంకో మెషీన్‌లో నేనే బిల్డ్ చేసుకున్న జీడీబీలో ఎక్స్ఎంఎల్ చదవడానికి కావాల్సిన ఎక్స్‌పాట్ లైబ్రరీ లేదు. పట్టిక చదవలేనంది, మొదటికే మోసం వచ్చింది.

నా పని రియల్ మోడ్ నుంచే మొదలవుతుంది కాబట్టి నాకీ చిరాకు. డ్రైవర్లు రాసేవాళ్లకు ఇవేవీ ఎదురుకాకపోవచ్చు, వాళ్లు కొత్తదే వాడుకోవచ్చు. నేను మాత్రం పాత క్యూఎమ్యూ బిల్డ్‌ను ఇంకా డిలీట్ చేయలేదు.