అట్లపెనం మీద పిజ్జా: ఐదేళ్లుగా చేస్తున్న పద్ధతిపై సమీక్ష

2020 చివరి నెలల్లో 28 లీటర్ల ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) ఒకటి కొని ఇంట్లో పిజ్జా చేయడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి నెలకు రెండు మూడు సార్లు మానకుండా చేస్తున్నాను. విజయవాడలోని మా వంటింట్లో, మామూలు మైదాతో, వీధి చివర కొట్టులో దొరికే సరుకులతో ఈ పని ఎంతవరకు కుదురుతుందో, ఎక్కడ కుదరదో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. మొదటి ఏడాది నా శ్రద్ధంతా పైన పరిచే కూరగాయల మీద, చీజ్ మీద పెట్టాను, అది పొరపాటు. పిజ్జా బాగుండడం, బాగుండకపోవడం ముఖ్యంగా రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది: పిండి ఎంతసేపు పులిసింది, దాని అడుగుకు ఎంత వేడి తగిలింది.

ముందు వేడి గురించి చెబుతాను. పిజ్జాకు పుట్టిల్లయిన ఇటలీలోని నేపుల్స్‌లో కట్టెల పొయ్యి 430 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాగి ఉంటుంది, అందులో పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. మా ఓటీజీ మీట మీద ఉన్న పెద్ద అంకె 250, లోపల థర్మామీటరు పెట్టి చూస్తే అది 220 దాటడం లేదు. అంత తక్కువ వేడిలో పలుచని అల్యూమినియం పళ్లెంలో పెట్టిన పిజ్జా కాలడానికి పావుగంట పడుతుంది. ఈలోగా పిండిలోని తడంతా ఆవిరై అంచులు రస్కులా గట్టిపడతాయి, అడుగు మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. దీనికి విరుగుడుగా బేకింగ్ రాయి (ఓవెన్‌లో ముందే కాగబెట్టి, దాని మీద పిజ్జా కాల్చే రాతి పలక) ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, వాడిన మూడో నెలలోనే అది నిలువునా రెండు ముక్కలైంది, అమ్మినవారు మార్చి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ తర్వాతే ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న 10 అంగుళాల పోత ఇనుప అట్లపెనం వైపు నా చూపు మళ్లింది. నాలుగేళ్లుగా అదే వాడుతున్నాను, మరొకటి కొనాలన్న ఆలోచన రాలేదు.

పద్ధతి ఇది. ఓటీజీని 250 దగ్గర పెట్టి, కింది రాడ్లు, పై రాడ్లు రెండూ వేసి, 25 నిమిషాలు ఖాళీగా కాగనిస్తాను. ఆఖరి ఏడు నిమిషాల్లో పెనాన్ని గ్యాస్ పొయ్యి మీద మధ్యరకం మంట మీద కాల్చి, నీటి చుక్క వేయగానే అది చిందులేసి మాయమైతే చాలనుకుని మంట తగ్గిస్తాను. బొంబాయి రవ్వ చల్లిన స్టీలు పళ్లెం వెనుక వైపు సాగదీసి ఉంచుకున్న పిండిని పెనం మీదికి జార్చి, టమాటా గుజ్జు, చీజ్ నిమిషంలోపు పరిచేస్తాను. మరో నిమిషం ఆగి అట్లకాడతో ఒక అంచు పైకెత్తి చూస్తే అడుగున పుల్కా మీద వచ్చేలాంటి గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చలు కనబడగానే పెనాన్ని పట్టకారుతో తీసి ఓటీజీ పై అరలో, ఎర్రగా కాగిన రాడ్లకు దగ్గరగా పెడతాను. ఐదారు నిమిషాల్లో అంచు పొంగి, చీజ్ బుడగలు బుడగలుగా ఉడికి, అక్కడక్కడ మాడీ మాడనట్టు రంగు తిరుగుతుంది. పావుగంట పట్టే పని సగానికి తగ్గడం వల్ల పిండి లోపలి తడి నిలుస్తుంది, ఈ పద్ధతి వల్ల కలిగే అసలు ప్రయోజనం అదే. పెనం కొనదలచినవారు ముందు తమ ఓటీజీ లోపలి వెడల్పు కొలుచుకోవాలని నా గట్టి సూచన, ఎందుకంటే పొడుగు పిడి ఉన్న పెనం పెడితే తలుపు మూతపడదు. రెండు వైపులా చిన్న చెవులున్న పెనం మేలు.

ఇక పిండి. రెండు పిజ్జాలకు 300 గ్రాముల మైదా, 180 మిల్లీలీటర్ల నీళ్లు, 6 గ్రాముల ఉప్పు, ఒక గ్రాము ఇన్‌స్టంట్ ఈస్ట్, ఒక చెంచా నూనె. ఇవన్నీ కాంటా మీద తూచుకోవడం తప్పనిసరి అని నా అనుభవం. కప్పుల కొలతలతో చేసిన రోజుల్లో ఒకసారి పిండి జారుగా, ఒకసారి గట్టిగా వచ్చేది, కారణం అర్థమయ్యేది కాదు. మన బజారు మైదాలో సాగే గుణం ఇటలీ పిజ్జా పిండికి ఉన్నంత ఉండదు కనుక, విదేశీ వంటకాల్లో చెప్పినంత నీరు పోస్తే అది చేతికి అంటుకుపోయి చిరుగుతుంది. నూటికి అరవై పాళ్ల నీరు దీనికి సరిపోతుంది. పిల్లల ఆరోగ్యం కోసం మైదాలో ఐదో వంతు మర పట్టించిన గోధుమ పిండి కలుపుతాను, అప్పుడు మరో 10 మిల్లీలీటర్ల నీళ్లు ఎక్కువ పోయాలి. అంతకు మించి కలిపితే పొట్టు ఆ సాగుడును తెంచేస్తుంది, పిజ్జాకు బదులు మందపాటి రొట్టె తయారవుతుంది. అది కూడా రుచిగానే ఉంటుంది గానీ పిజ్జా కాదు.

పిండిని గంటల తరబడి పిసకనక్కర్లేదు. ముద్దగా కలిపి, పావుగంట మూత పెట్టి, రెండు నిమిషాలు మడతలు వేసి, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచితే అదే నునుపు తేలుతుంది, పుల్లని కమ్మదనం కూడా వస్తుంది. అదే రోజు రెండు గంటల్లో పొంగించి చేసిన పిండికి ఈస్ట్ వాసన తప్ప వేరే రుచి ఉండదు. మా ఊరి మే నెల ఎండల సంగతి విడిగా చెప్పాలి. వంటింట్లో 38 డిగ్రీలున్నప్పుడు ఒక గ్రాము ఈస్ట్ వేసి బయట ఉంచిన పిండి సాయంత్రానికి సారాయి వాసన కొడుతూ, ముట్టుకుంటే తీగలుగా తెగిపోతూ కనిపించింది. అప్పటి నుంచి వేసవిలో ఈస్ట్ సగానికి తగ్గించి, ఫ్రిజ్ నీళ్లతో కలిపి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నాను.

పిండిని సాగదీయడం మాత్రం మా అత్తయ్యగారి దగ్గర నేర్చుకున్నాను. అప్పడాల కర్రతో వత్తితే లోపలి గాలంతా పోయి అంచు పొంగదని తెలిసినా, చేత్తో లాగిన ప్రతిసారీ పిండి రబ్బరులా వెనక్కి ముడుచుకుపోయేది. ఆవిడ ఒకసారి చూసి, బొబ్బట్ల పైపిండి నానకముందే లాగితే ఇలాగే మొండికేస్తుందని చెప్పి, "ఇంకో పావుగంట వదిలెయ్యమ్మా, అదే సాగుతుంది" అన్నారు. ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండలను తడిగుడ్డ కింద గంటన్నర బయట ఉంచి, నూనె రాసిన వేళ్ల చివరలతో నడిమి నుంచి అంచు వైపు బొబ్బట్టు తట్టినట్టు తడుతూ పోతే, అంగుళం వెడల్పు అంచును ముట్టుకోకుండా వదిలేస్తే, పిండి ఎదురు తిరగకుండా పది అంగుళాలకు వస్తుంది.

గుజ్జు విషయంలో ఒక్క జాగ్రత్త చాలు, నీరు ఉండకూడదు. అర కిలో పండిన టమాటాలను తురుముపీట మీద తురిమి, జల్లెడలో అరగంట వడకట్టి, వెల్లుల్లి, ఉప్పు, నూనెతో సగమయ్యేదాకా మగ్గిస్తాను. నాటు టమాటా పులుపు ఎక్కువగా ఉంటే దానిలో సగం హైబ్రిడ్ కాయ కలుపుతాను. బేసిల్ ఆకు కోసం పెద్ద సూపర్ మార్కెట్లకు తిరగనక్కర్లేదు. సబ్జా గింజలు కుండీలో చల్లితే మొలిచే మొక్క ఆ జాతిదే, వాసనలో కొద్ది తేడా ఉన్నా పిజ్జాకు బాగా నప్పుతుంది. చీజ్‌ను గడ్డగా కొని ఇంట్లో తురుముకోవడమే నయం, ముందే తురిమి అమ్మేవాటిలో ముక్కలు అంటుకోకుండా పిండిపదార్థం కలుపుతారు కనుక అవి అంత నున్నగా కరగవు. పొట్లం మీద వెజిటబుల్ ఆయిల్ అని ఉందేమో చదువుకోవాలి, ఉంటే తీసుకోకూడదు. పది అంగుళాల పిజ్జాకు 80 గ్రాములు చాలు.

లోపాలు కూడా ఉన్నాయి. నేపుల్స్ పిజ్జా అంచుకు ఉండే ఆ మెత్తదనం, ఆ పొగ వాసన ఎన్ని తిప్పలు పడ్డా ఈ ఓటీజీలో రావు, వస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఒకసారికి ఒక్క పిజ్జానే కాలుతుంది కాబట్టి ఆరుగురు చుట్టాలొచ్చిన సాయంత్రం చివరివారు గంటసేపు ఎదురుచూడాల్సి వచ్చింది, నాకు చాలా కష్టమనిపించింది. పెనం బరువైనది, బాగా కాగి ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో దాన్ని పొయ్యి నుంచి ఓటీజీకి మార్చే ఆ నాలుగు అడుగుల దారిలో ఎవరూ ఉండకూడదు. గుజ్జు పెనం మీద కారితే ఆ పులుపు ఇనుము మీది నూనె పొరను తినేస్తుంది, చల్లారాక వెంటనే కడిగి, వేడి చేసి, నూనె చుక్క రుద్ది పెట్టాలి. మా ఓటీజీ 1,500 వాట్లది, రెండు పిజ్జాలకు మొత్తం 40 నిమిషాలు నడుస్తుంది కాబట్టి కరెంటు ఒక యూనిట్‌కు మించి కాలదు.

రెండో ఉండను ఆ రోజు వాడకపోతే నూనె రాసిన గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లోనే ఉంచుతాను. మూడో రోజున దాని రుచి మొదటి రోజుకన్నా బాగుంటుంది, నాలుగో రోజుకు మాత్రం నీరు వదిలి చిరగడం మొదలవుతుంది, అప్పుడిక దాన్ని పెనం మీద నూనెతో కాల్చి ఉల్లిపాయ పచ్చడితో పెట్టేస్తాను.