లేజర్ డయోడ్ డ్రైవర్: ఎల్‌ఎం317 మేలా, ఆప్‌యాంప్ మేలా?

లేజర్ డయోడ్‌కి సొంతంగా డ్రైవర్ (డయోడ్‌కి కరెంట్‌ని అదుపులో ఇచ్చే సర్క్యూట్) కట్టుకోవాలనుకునే ప్రతివాళ్లూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే: ఎల్‌ఎం317 అనే వోల్టేజ్ రెగ్యులేటర్ ఐసీతో కట్టాలా, ఆప్‌యాంప్‌తో (రెండు ఇన్‌పుట్ల వోల్టేజ్‌లని పోల్చి అవుట్‌పుట్‌ని సర్దే ఐసీ) కట్టాలా? ఈ మధ్య 650 నానోమీటర్ల ఎర్ర డయోడ్ కోసం నేనూ రెండూ కట్టి, పక్కపక్కన పెట్టి చూశాను కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

సాధారణంగా అందరూ కరెంట్ ఎంత కచ్చితంగా నిలబడుతోంది అని చూస్తారు. నాకు అది రెండో విషయం. డయోడ్ రేటింగ్‌లో కాస్త జాగా వదిలి పెట్టుకుంటే, 100 మిల్లీయాంప్స్ అనుకున్నది 104 అయినా నష్టమేమీ లేదు. ఒక జాయింట్ వదులైతే కరెంట్ పెరుగుతుందా, తగ్గుతుందా? నేను మొదట చూసేది ఇదే. ఎల్‌ఈడీ అయితే క్షణకాలం ఎక్కువ కరెంట్‌ని ఓర్చుకుంటుంది. లేజర్ డయోడ్‌లో వెలుగు బయటికి వచ్చే అంచు కాలిపోవడానికి ఆ క్షణం కూడా అక్కర్లేదు, మైక్రోసెకన్లు చాలు.

ముందు ఎల్‌ఎం317 సర్క్యూట్. ఐసీ ఒక రెసిస్టర్ మీద ఎప్పుడూ 1.25 వోల్టులు నిలబెడుతుంది. ఆ 1.25ని రెసిస్టర్ విలువతో భాగిస్తే కరెంట్ వస్తుంది, 12 ఓమ్‌లు పెడితే 104 మిల్లీయాంప్స్. నేను 12 ఓమ్‌ల రెసిస్టర్‌కి సిరీస్‌లో 50 ఓమ్‌ల పాట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెట్టాను. పాట్‌ని చివరిదాకా తిప్పినా ఆ 12 ఓమ్‌లు అడ్డుగా ఉంటాయి కాబట్టి కరెంట్ 104 దాటదు. పాట్‌లో వాడని మూడో కాలుని వైపర్‌కి (తిప్పినప్పుడు లోపల జరిగే భాగానికి ఉన్న కాలు) కలిపేశాను. వైపర్ ఎప్పుడైనా లోపల సరిగా తగలకపోతే మొత్తం 50 ఓమ్‌లూ దారిలోకి వస్తాయి, కరెంట్ 20 మిల్లీయాంప్స్‌కి పడిపోతుంది. డయోడ్ మసకబారుతుందే తప్ప చావదు. నాకు ఈ సర్క్యూట్ నచ్చింది ఇందుకే.

దీనికీ ఒక బలహీనత ఉంది. అడ్జస్ట్ కాలు (అవుట్‌పుట్ ఎంత ఉండాలో ఐసీకి చెప్పే కాలు) ఊడితే అవుట్‌పుట్ వోల్టేజ్ పైకి పోతుంది, డయోడ్ ఖాయంగా పోతుంది. అందుకే దీన్ని బ్రెడ్‌బోర్డ్ మీద అసలు నడపకండి. ఆ కాలుని వీలైనంత పొట్టిగా పెట్టి సోల్డర్ చేయండి.

ఇక ఆప్‌యాంప్. ఎల్‌ఎం358 అనే ఆప్‌యాంప్, ఒక లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (గేట్ అనే కాలు మీద తక్కువ వోల్టేజ్‌తోనే తెరుచుకునే ట్రాన్సిస్టర్), కింద కరెంట్ ఎంతో కొలవడానికి 1 ఓమ్ సెన్స్ రెసిస్టర్. 100 మిల్లీయాంప్స్‌కి సెన్స్ రెసిస్టర్ మీద పడేది 0.1 వోల్టే, కాబట్టి 5 వోల్టుల సప్లైతో ఎర్ర డయోడ్ హాయిగా నడుస్తుంది. ఎల్‌ఎం317కి అలా కుదరదు. డయోడ్‌కి 2.3, రెసిస్టర్‌కి 1.25, ఐసీకి రెండు వోల్టుల దాకా పోతే 5 చాలదు, ఏ ఏడున్నరో తొమ్మిదో ఇవ్వాలి. వెలుగుని వేగంగా మాడ్యులేట్ చేయాలన్నా (అంటే హెచ్చించి తగ్గించాలన్నా) ఆప్‌యాంపే దారి.

కానీ నా డయోడ్ పోయింది దీని మీదే. పవర్ ఆన్‌లో ఉండగా టెర్మినల్‌లోంచి డయోడ్ వైరు జారింది, చేత్తో మళ్లీ నొక్కాను. అంతకుముందు గోడ మీద చుక్క ఇసుక రేణువుల్లా మిలమిల మెరుస్తూ ఉండేది. నొక్కిన తర్వాత ఆ మెరుపు లేదు, మామూలు ఎల్‌ఈడీలా మొద్దు ఎరుపు. కరెంట్ మాత్రం మీటర్‌లో అంతే చూపిస్తోంది.

జరిగింది ఇదీ: వైరు ఊడగానే సెన్స్ రెసిస్టర్ మీద వోల్టేజ్ సున్నా. కరెంట్ రావట్లేదనుకుని ఆప్‌యాంప్ గేట్‌ని పూర్తిగా పైకి లాగేసింది. వైరు తగిలేసరికి మాస్‌ఫెట్ తలుపులు బార్లా తెరిచి ఉంది. ఎల్‌ఎం358 అవుట్‌పుట్ మైక్రోసెకనుకు సుమారు అర వోల్టు చొప్పునే కదులుతుంది, అది గేట్‌ని కిందికి దించేలోపే పని అయిపోయింది.

పాట్ వైపర్ సంగతీ ఇంతే. ఇక్కడ కరెంట్ ఎంత కావాలో పాట్ వైపరే ఆప్‌యాంప్ ఇన్‌పుట్‌కి చెబుతుంది, అది వదిలేస్తే ఇన్‌పుట్ గాల్లో ఉంటుంది. ఎల్‌ఎం358లో బయాస్ కరెంట్ (ఇన్‌పుట్ దగ్గర పారే అతి చిన్న కరెంట్) కాలులోంచి బయటికి వస్తుంది కాబట్టి ఆ ఇన్‌పుట్ మెల్లగా పైకే జరుగుతుంది, దానితోపాటు డయోడ్ కరెంటూ. వైపర్ నుంచి గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెడితే ఈ బెడద పోతుంది. గేట్‌కి సిరీస్‌లో 100 ఓమ్‌లు కూడా వేయండి, లేకపోతే ఆసిలేషన్ (కరెంట్ దానంతటదే ఊగిసలాడడం) వచ్చే అవకాశం ఉంది.

ఏది కట్టినా మొదటి టెస్ట్ లేజర్ మీద చేయకండి. 1ఎన్4007 డయోడ్లు మూడు, 1 ఓమ్ రెసిస్టర్ ఒకటి సిరీస్‌లో పెడితే ఎర్ర డయోడ్‌కి బదులు డమ్మీ లోడ్‌గా సరిపోతుంది. రెసిస్టర్ మీద ఎన్ని మిల్లీవోల్టులు వస్తే అన్ని మిల్లీయాంప్స్. అయితే మల్టీమీటర్‌కి స్పైక్ (క్షణకాలం కరెంట్ ఎగబాకడం) కనపడదు. ఆసిలోస్కోప్‌ని సింగిల్ షాట్‌లో (ఒక్కసారి వచ్చిన సిగ్నల్‌ని పట్టి ఆపి చూపే మోడ్) పెట్టి, పవర్ పది ఇరవై సార్లు వేసి తీసి చూడండి. పాట్ తిప్పుతూ కూడా చూడండి. లేజర్‌కి సమాంతరంగా కెపాసిటర్ పెట్టినట్లయితే, డమ్మీ లోడ్ తీసేశాక ఆ కెపాసిటర్ రెండు కాళ్లూ కలిపి డిశ్చార్జ్ చేసి, అప్పుడే లేజర్‌ని సోల్డర్ చేయండి. లోడ్ లేకుండా పవర్ ఇచ్చి ఉంటే ఆ కెపాసిటర్‌లో దాదాపు సప్లై వోల్టేజ్ అంతా నిలిచి ఉంటుంది. ఆ వేవ్‌లెంగ్త్‌కి సరిపడే కళ్లద్దాలు పెట్టుకోకుండా లేజర్‌ని వెలిగించకండి. 5 మిల్లీవాట్లు దాటిన పుంజం నేరుగా పడితే కంటి రెప్ప వేసేలోపే హాని జరగొచ్చు.

మిగతా పద్ధతుల గురించి రెండు ముక్కలు. ఉత్త రెసిస్టర్ చిన్న పాయింటర్‌కి, అదీ స్థిరమైన సప్లై ఉంటే సరే. 1 యాంప్ తినే నీలం డయోడ్‌ని 12 వోల్టుల నుంచి ఎల్‌ఎం317తో నడిపితే ఐసీలోనే ఆరు వాట్ల వేడి, అక్కడ బక్ మాడ్యూల్ (తక్కువ వేడితో వోల్టేజ్ తగ్గించే స్విచింగ్ బోర్డు) తప్పదు. లేజర్ లోపలే ఉండి వెలుగుని కొలిచే ఫోటోడయోడ్‌ని చూసుకుంటూ నడిచే డ్రైవర్ నేను వాడను. ఆ ఫోటోడయోడ్ వైరు ఊడితే వెలుగు లేదనుకుని కరెంట్ పెంచుతూ పోతుంది.

200 మిల్లీయాంప్స్ లోపు, మాడ్యులేషన్ అక్కర్లేని పనికి నేను ఎల్‌ఎం317నే ఉంచుకున్నాను. ఆప్‌యాంప్ బోర్డుని పక్కన పడేయలేదు. దానికి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేశాను, టెర్మినల్ పీకేసి కొత్త డయోడ్‌ని నేరుగా సోల్డర్ చేశాను.